మధ్యలో వదిలేసి వెళ్ళినవాణ్ణి మళ్ళీ చేర్చుకోవాలా? పౌలు, బర్నబా విడిపోయింది ఈ ప్రశ్న దగ్గరే

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది భీమవరం దగ్గర ఒక ఊరు. నేనూ మావారూ ప్రతి వేసవికీ మా సంఘంలో వీబీఎస్ (పిల్లలకి వేసవి సెలవుల బైబిల్ బడి) నడిపిస్తాం, చుట్టుపక్కల పేటలకి కూడా వెళ్తాం. రెండేళ్ళ కిందట మావారి పిన్ని కొడుకు, అంటే నాకు మరిది, పాటలూ ఆటలూ నేను చూసుకుంటా వదినా అని టీములోకి వచ్చి, మూడో రోజు పొద్దున్నే ఎవ్వరికీ చెప్పకుండా హైదరాబాదు బస్సెక్కేశాడు, ఫోను స్విచ్ఛాఫ్. అంతమంది పిల్లల్ని పెట్టుకుని పాటలు, కథ, టిఫిన్లు అన్నీ నేనే చూసుకున్నా, గొంతు పూర్తిగా పోయింది. ఇప్పుడు తిరిగొచ్చి ఈసారి కూడా ఉంటానంటున్నాడు. మావారు నన్ను అడక్కుండానే సరే అనేశారు. నేను వద్దన్నాను. మాటా మాటా పెరిగి ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన కూడా ఆగిపోయింది, పిల్లలు ఎందుకమ్మా అని అడుగుతున్నారు. మా సంఘ పెద్ద ఒకాయన "అపొస్తలులు ఏకమనసుతో ఉన్నారు, ఎప్పుడైనా దెబ్బలాడుకున్నారా, వాళ్ళని చూసి నేర్చుకోండి" అన్నారు. మావారేమో అన్నిటికీ రుజువు అడుగుతావు, నువ్వొక తోమావి అంటున్నారు. సంఘంలో కొందరు మరిదిని యూదా అంటున్నారు, అది కూడా వినలేకపోతున్నా. పైగా వచ్చే నెల స్త్రీల కూడికలో అపొస్తలుల గుణగణాల మీద వాక్యం చెప్పాల్సింది నేనే. ఏ మొహం పెట్టుకుని చెప్పను? (పేరు రాయొద్దు అక్కా.)

జవాబు:

చెల్లీ, నీకూ మీవారికీ పిల్లలకీ వందనాలు.

ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం, ఎందుకంటే నీ ఉత్తరం మొత్తంలో నిన్ను బాగా కుంగదీసింది అదే అనిపించింది నాకు. అపొస్తలులు దెబ్బలాడుకోలేదు అన్నది నిజం కాదు. ఏకహృదయం, ఏకాత్మ అన్న మాట అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉంది, ఉన్నమాటే, కానీ అది రాసిన లూకాయే ఇంకో రెండు అధ్యాయాలు దాటగానే భోజనాల దగ్గర గొడవ కూడా రాశాడు, గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజూ పంచే దాంట్లో సరిగ్గా అందట్లేదని సణుగుడు మొదలైతే పన్నెండుమందీ అందర్నీ పిలిచి కూర్చోబెట్టి ఏడుగురిని ఏర్పాటు చేయాల్సొచ్చింది. అంతకుముందు తన సువార్తలో అయితే ప్రభువు రాత్రి భోజనం బల్ల దగ్గర, తెల్లారితే సిలువ అనగా, మనలో ఎవడు గొప్ప అని వాళ్ళు వాదులాడుకున్నారని కూడా ఆయనే రాశాడు. దాచాలనుకుంటే దాచేయొచ్చు కదా, సంఘానికి పునాది వేసినవాళ్ళు మరి, అయినా దాచలేదు. కాబట్టి నువ్వూ మీవారూ వాదించుకున్నంత మాత్రాన అపొస్తలుల దారిలోంచి బయటికొచ్చేశారని ఎవరన్నా నువ్వు నమ్మక్కర్లేదు.

ఇంకో సంగతి, నీ ఇంట్లో జరుగుతున్న గొడవ లాంటిదే, అచ్చంగా అలాంటిదే, అపొస్తలుల మధ్య ఒకటి జరిగింది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చివర్న 36 నుంచి 41 దాకా ఆరే వచనాలు. మనం సండే స్కూల్లో పౌలు మొదటి ప్రయాణం, రెండో ప్రయాణం అని మ్యాపు మీద గీతలు గీయిస్తాం గానీ ఆ రెండు గీతల మధ్య ఏం జరిగిందో పెద్దగా చెప్పం.

మార్కు అనే యోహాను సంగతి అది. యెరూషలేములో వాళ్ళమ్మ మరియ ఇల్లు పెద్దదే, సంఘం కూడుకునేంత ఇల్లు, తలవాకిలి ఉంది, రొదే అని పని చేసే చిన్నమ్మాయి ఉంది. పేతురు చెరసాల్లోంచి బయటపడి అర్ధరాత్రి నేరుగా వచ్చి తలుపు కొట్టింది ఆ ఇంటికే, ఆ పిల్ల సంతోషం పట్టలేక తలుపు తీయడం మర్చిపోయి లోపలికి పరిగెత్తింది, గుర్తుందా. అలాంటి ఇంట్లో పెరిగిన కుర్రాడు మార్కు. పైగా బర్నబాకి దగ్గర చుట్టం, కొలొస్సయులకి రాసిన పత్రికలో ఆ చుట్టరికం రాసి ఉంది, ఇప్పుడు మన లెక్కలో చెప్పాలంటే పెదనాన్న కొడుకో పిన్ని కొడుకో అవుతాడు. నీ మరిది మీవారికి ఏమవుతాడో మార్కు కూడా బర్నబాకి దాదాపు అదే అవుతాడు, చూశావా.

బర్నబా, సౌలు (పౌలుకి ముందున్న పేరు అదే) ఇద్దరూ సిరియలోని అంతియొకయ సంఘం పంపితే బయల్దేరినప్పుడు ఈ కుర్రాణ్ణి సహాయానికి వెంట తీసుకెళ్ళారు. కుప్ర ద్వీపంలో, అంటే ఇప్పటి సైప్రస్‌లో, సలమీ నుంచి పాఫు దాకా వెళ్ళారు, అక్కణ్ణించి ఓడెక్కి పంఫూలియలో పెర్గేకి వచ్చారు, సరిగ్గా అక్కడ మార్కు వాళ్ళని వదిలేసి యెరూషలేముకి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో లూకా రాయలేదు. అమ్మ మీద బెంగా, జ్వరమా, ముందున్న కొండలు చూసి భయమా, ఎవరికి తోచింది వాళ్ళు చెప్తుంటారు, ప్రసంగాల్లో అయితే మరీ ఎక్కువ చెప్తారు. నిజంగానే అక్కణ్ణించి దారి చాలా కష్టం, తౌరస్ కొండలెక్కి వెయ్యి మీటర్లకి పైన ఉన్న పిసిదియలోని అంతియొకయకి పోవాలి, అదీ నడిచి. కానీ కారణం మాత్రం మనకి చెప్పలేదు, నీకూ నీ మరిది చెప్పలేదు కదా. ఆ చెప్పకపోవడమే నిన్ను ఇన్నాళ్ళూ తింటోంది అనుకుంటున్నా, దాని సంగతి కాసేపాగి మాట్లాడతా.

తర్వాత కొన్నాళ్ళకి పౌలు, మనం వాక్యం చెప్పిన ఊళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి అక్కడి వాళ్ళు ఎలా ఉన్నారో చూసొద్దాం అన్నాడు. బర్నబా సరే, మార్కుని కూడా తీసుకెళ్దాం అన్నాడు. పౌలు వద్దంటే వద్దన్నాడు. పంఫూలియలో మనల్ని వదిలేసి, పనికి రాకుండా పోయినవాణ్ణి ఎలా తీసుకెళ్తాం అన్నాడు. ఎంత పెద్ద గొడవైందంటే అన్నేళ్ళు కలిసి తిరిగినవాళ్ళు ఇద్దరూ విడిపోయారు.

ఇక్కడ చాలామంది పౌలుది కఠినం, బర్నబాది ప్రేమ అని తేల్చేస్తారు, నేనలా తేల్చను. మార్కు వెళ్ళిపోయాక పౌలుకి ఏమైందో ఒకసారి వరసగా చూడు. పిసిదియ అంతియొకయలో తరిమేశారు. ఈకొనియలో రాళ్ళేసి కొట్టాలని పన్నాగం పన్నితే తెలిసి తప్పుకున్నారు. లుస్త్రలో నిజంగానే రాళ్ళేసి కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చి పడేశారు. ఆయన లేచి మళ్ళీ అదే ఊళ్ళోకి నడిచి వెళ్ళి, మర్నాడు దెర్బేకి బయల్దేరాడు. ఆ దెబ్బలు ఒంటి మీద ఉన్న మనిషి, అదే దారిలో మళ్ళీ వెళ్ళబోతూ, పక్కనుండేవాడు మధ్యలో వెళ్ళిపోతే ఏమవుతుందో ఆలోచించడా? ఆలోచించాలి కూడా. ఆ ఊళ్ళలో కొత్తగా నమ్మినవాళ్ళు వీళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. నువ్వు వద్దన్నది కూడా ఆ పిల్లల మొహాలు గుర్తొచ్చే కదా, పొద్దున్నే స్నానాలు చేసి తలలు దువ్వుకుని వచ్చి వరండాలో కూర్చుని అన్నయ్య ఏడీ, పాట ఏదీ అని అడిగితే వాళ్ళకి నువ్వేం చెప్పావో నాకు తెలీదు గానీ, ఆ అడగడం నీకింకా వినిపిస్తూనే ఉందని మాత్రం నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అందులో తప్పు లేదు చెల్లీ. పని మీద శ్రద్ధ ఉన్నవాళ్ళకే ఆ కోపం వస్తుంది.

అలాగని బర్నబాది మెతకతనం అని కొట్టిపారేయలేం. చుట్టం కాబట్టి వెనకేసుకొచ్చాడు అనుకుంటారేమో, ఆయన మార్కు ఒక్కడికే అలా చేసి ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ అంతకు చాలా ముందు 9వ అధ్యాయంలో ఏం చేశాడో చూడు. సౌలు మారాడని చెప్పుకుంటూ యెరూషలేము వస్తే అక్కడ ఒక్కరూ నమ్మలేదు, నమ్మకపోవడం న్యాయమే, నిన్నమొన్నటి దాకా ఇళ్ళలోంచి మనుషుల్ని ఈడ్చుకెళ్ళి చెరసాల్లో వేయించినవాడు మరి. అప్పుడు సౌలు పక్కన నిలబడి, ఆయన్ని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళి, ఇతనికి దారిలో ఏం జరిగిందో చెప్పిందీ ఈ బర్నబాయే. తర్వాత అంతియొకయలో పని పెరిగితే తార్సు దాకా వెళ్ళి సౌలుని వెతికి పట్టుకొచ్చిందీ ఆయనే, ఇద్దరూ ఒక ఏడాది పాటు కలిసి అక్కడ బోధించారు, శిష్యుల్ని క్రైస్తవులు అని మొదటిసారి పిలిచింది కూడా ఆ ఊళ్ళోనే. అంటే మార్కు మీద మళ్ళీ నమ్మకం పెట్టమని పౌలుని అడుగుతున్న ఆయన, ఒకప్పుడు పౌలు మీద నమ్మకం పెట్టమని పదిమందినీ అడిగినాయనే. పౌలుకి ఆ మాట ఆ రోజు గుర్తొచ్చిందో లేదో గానీ నాకైతే చదివిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

అపొస్తలుల గుణగణాలు అని టాపిక్ ఇస్తే మనం ఏం చేస్తామంటే పేతురుకి తొందర, తోమాకి సందేహం, యోహానుకి ప్రేమ అని ఒక్కొక్కరికీ ఒక్కో చీటీ అతికించేసి కూర్చోబెడతాం. అలా చెప్తే వినడానికి తేలికే, నోట్సు రాసుకోవడానికీ బాగుంటుంది, కానీ అందులో నాకు పెద్దగా పాఠం కనబడదు. నాకు కనిపించే పాఠం ఎవరు పడిపోయినప్పుడు ఎవరొచ్చి పక్కన నిలబడ్డారు, వచ్చి ఏం చేశారు అన్నదాంట్లో ఉంది. నీకు కావాల్సింది కూడా అదే అని చెప్తున్నా.

ఆ గొడవ తర్వాత ఏమైందో కూడా చూద్దాం. బర్నబా మార్కుని తీసుకుని ఓడెక్కి కుప్రకి వెళ్ళాడు, పౌలు సీలని తీసుకుని సిరియ, కిలికియ మీదుగా వెళ్ళాడు. ఒక టీము రెండు టీములైంది. కుప్ర బర్నబా సొంత ద్వీపం, ఆయన పుట్టిన చోటు. అంటే పౌలు రాళ్ళదెబ్బలు తిన్న ఊళ్ళకి మార్కుని మొండిగా లాక్కెళ్ళలేదు, తనకి తెలిసిన చోటికి, తన కనుసన్నల్లో ఉండేలా తీసుకెళ్ళాడు. ఇది మీవారికి చూపించు. వెనకేసుకురావడం అంటే ఆ బరువు తను మోయడం, ఇంకొకరి నెత్తిన పెట్టడం కాదు.

మీవారికి ఇంకోటి కూడా చూపించాలి, అది గలతీయులకి రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. అంతియొకయలో పేతురు మొదట అన్యజనుల్లోంచి నమ్మినవాళ్ళతో కలిసి భోంచేసేవాడు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నించి కొంతమంది రాగానే వాళ్ళకి భయపడి వెనక్కి తగ్గి విడిగా కూర్చున్నాడు, మిగతా యూదులూ అదే చేశారు, చివరికి బర్నబా కూడా వాళ్ళతో కొట్టుకుపోయాడు అని పౌలు రాస్తాడు. అందరినీ కలుపుకుపోయే మనిషి ఆయన, ఆ మనిషే ఎవరు పక్కన కూర్చుంటే అటు ఒరిగిపోయాడు. మంచివాళ్ళకి, మెత్తటివాళ్ళకి ఉండే కష్టం అదే, ఎదురుగా ఉన్నవాళ్ళకి కాదని చెప్పలేరు. ఆ రోజు పౌలు అందరి ముందూ నిలబడి అడగకపోతే ఏమయ్యేదో. మీవారికి నీలాగా ఆగి అడిగే మనిషి ఇంట్లో ఉండటం దేవుడిచ్చిన మేలు, అది ఆయనకి అర్థమయ్యేలా చెప్పు, దెప్పినట్టు మాత్రం కాకుండా.

తోమా అంటున్నారని రాశావు. అనుకోనీ. లాజరు కోసం యూదయకి వెళ్దాం అని ప్రభువు అన్నప్పుడు, అక్కడ రాళ్ళేసి చంపుతారని అందరూ వెనకాడుతుంటే, మనం కూడా వెళ్ళి ఆయనతో పాటు చనిపోదాం అన్నది ఆ తోమాయే, యోహాను 11వ అధ్యాయం. ప్రభువు తిరిగి లేచాడంటే రుజువు కావాలన్నందుకు ఆయన్ని ఎవరూ గది బయటికి పంపలేదు, నమ్మలేను అన్నాక కూడా ఎనిమిది రోజుల తర్వాత ఆయన వాళ్ళ మధ్యే ఉన్నాడు, అడిగింది ప్రభువు చూపించారు కూడా. ఆయన మన దేశానికే వచ్చాడని, మైలాపూరు దగ్గరే ప్రాణం పెట్టాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు, చెన్నైలో మనవాళ్ళు ఎంతమంది సెయింట్ థామస్ మౌంట్ మెట్లెక్కి వస్తుంటారో నీకూ తెలుసు. ఆ పేరు పెట్టి ఎగతాళి చేయడం మానమని నేనన్నానని చెప్పు మీవారికి.

యూదా అనే మాట గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆ మాట సంఘంలో ఎవరన్నా అంటే అక్కడికక్కడే ఆపు. పని వదిలేసి వెళ్ళడం వేరు, డబ్బు తీసుకుని మనిషిని పట్టివ్వడం వేరు. మార్కుని పౌలు ఎంత కోపంలో ఉన్నా వదిలేసి వెళ్ళినవాడు అనే అన్నాడు, అంతకు మించిన పేరు పెట్టలేదు. ఒక కుర్రాడికి యూదా అని పేరు పడితే మన ఊళ్ళలో అది పోదు, పెళ్ళి సంబంధం దగ్గర కూడా ఎవడో ఒకడు ఎత్తుతాడు.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నేనిదంతా చెప్తున్నది అతను చేసింది బాధ్యత లేకుండా వెళ్ళిపోవడం ఒక్కటే కాబట్టి. అతను కానుకల డబ్బు వాడుకుని ఉన్నా, పిల్లల విషయంలో ఏదైనా తేడాగా ప్రవర్తించి ఉన్నా నా జవాబు పూర్తిగా వేరేగా ఉండేది, అప్పుడు మార్కు కథ చెప్పి సర్దుకోమనేదాన్ని కాదు. అలాంటిదేమైనా ఉండి నువ్వు రాయడానికి మొహమాటపడి ఉంటే ముందు మీవారికి, పాస్టరు గారికి చెప్పు, పిల్లల దగ్గరికి అతన్ని రానివ్వొద్దు.

ఇక ఏం చేయాలి అన్నదానికి పేతురు దగ్గరికి రావాలి. ప్రభువుని ముమ్మారు ఎరగనన్నాడు కదా, తర్వాత ఆయన్ని ప్రభువు ఎలా చేర్చుకున్నారో కొంచెం ఆగి చూడు, మనం సాధారణంగా నా గొర్రెలను మేపుము దగ్గరికి గబగబా వెళ్ళిపోతాం. ముందు ఆయనకి విడిగా కనిపించారు, సీమోనుకి కనబడ్డారని లూకా 24లో ఒక ముక్క ఉంది, ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎక్కడా రాయలేదు, అది వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయింది. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున, రాత్రంతా వలలేసి ఒక్క చేపా పడక తెల్లవారుజామున అలసిపోయి ఉంటే, ఒడ్డున బొగ్గుల నిప్పులు, వాటి మీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. వలలో 153 పెద్ద చేపలు పడ్డాయి, అయినా ముందే నిప్పుల మీద చేప కాలుతోంది. పేతురు ఎరగనన్న రాత్రి ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో చలి కాచుకున్నది కూడా బొగ్గుల మంట దగ్గరే, యోహాను రెండు చోట్లా ఆ మంట సంగతి రాశాడు. ఆ వాసనకి పేతురుకి ఏం గుర్తొచ్చి ఉంటుందో ఆలోచించు. ముందు వచ్చి తినండి అన్నారు. తిన్నాక అడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగారు, మూడోసారికి పేతురుకి బాధేసింది అని రాసుంది. బాధ పెట్టకుండా వదిలేయలేదు, ఏం జరగనట్టు నటించలేదు, అలాగని తప్పు చదివి వినిపించి సంతకం పెట్టమనలేదు. అడిగిన ప్రతిసారీ వెంటనే పని అప్పజెప్పారు.

నీ మరిది విషయంలో జరగాల్సింది అదే, ఇంతవరకూ జరగంది కూడా అదే. మీవారు ఏం అడక్కుండా సరే అనేశారు, నువ్వు ఏం అడక్కుండా వద్దనేశావు, ఇద్దరూ ఆ కుర్రాణ్ణి మధ్యలో పెట్టి మీలో మీరు వాదించుకుంటున్నారు. ఒకరోజు ఇంటికి భోజనానికి పిలవండి. నీకిష్టం లేకపోతే కూరలు నాలుగు చేయక్కర్లేదు, పప్పు, వేపుడు చాలు, కానీ నువ్వే వడ్డించు. తిన్నాక పిల్లల్ని బయట ఆడుకోమని పంపి, ఆ రోజు ఎందుకు వెళ్ళిపోయావురా అని అడుగు. మీవారు జవాబు చెప్పకూడదు, అతనే చెప్పాలి. నీకు ఎలా అయిందో కూడా చెప్పు, గొంతు పోయిన సంగతి, పిల్లలు అడిగిన సంగతి, అంతా. అతను ఏం చెప్తాడో నాకు తెలీదు, ఉద్యోగం కాల్ వచ్చి ఉండొచ్చు, ఏదో అప్పు గొడవ ఉండొచ్చు, అందరి ముందు మైకు పట్టుకోవడానికి భయపడి కూడా ఉండొచ్చు. క్షమించు వదినా అని అతను తనంతట తను అంటే మంచిదే, అనకుండా తలొంచుకుని కూర్చుంటే దాన్ని పట్టించుకోకు, మన ఇళ్ళలో మగపిల్లలకి ఆ మాట నోట్లోంచి రావడం ఎంత కష్టమో తెలుసుగా. కానీ జరిగింది చెప్పకుండా తప్పించుకుంటే, నవ్వేసి ఇప్పుడవన్నీ ఎందుకు వదినా అంటే మాత్రం ఈ ఏడాది వద్దు అని నువ్వు చెప్పొచ్చు, మీవారు కూడా ఒప్పుకోవాలి.

నిజం చెప్పాడనుకో, అప్పుడు కూడా ఈసారి మొత్తం పాటలూ ఆటలూ అతని చేతిలో పెట్టొద్దు. కుప్రకి పంపు. మీరు పేటలకి వెళ్తారన్నావు కదా, మీవారు సాయంత్రం వెళ్ళే ఒక పేటకి అతన్ని వెంట తీసుకెళ్ళమను, బండి మీద ఇద్దరూ కలిసి వెళ్ళి కలిసి రావాలి, డప్పు వాయించడమో చాపలు పరవడమో చేయాలి. ఒకవేళ అతను రాకపోయినా ఆ రోజు పని ఆగకూడదు, ఆ ఏర్పాటు ముందే మీవారు చేసుకోవాలి. సంఘంలో పొద్దున జరిగే వీబీఎస్ నీది, అక్కడ నీ టీము నీ ఇష్టం, ఇంటర్ పాసైన అమ్మాయిలు ఇద్దర్ని ఇప్పట్నుంచే యాక్షన్ సాంగ్స్‌కి తయారు చేసుకో. రెండు టీములు చేసుకోవడం పాపం అని ఎవరన్నా అంటే ఆ ఆరు వచనాలు చదవమను.

అయితే ఒక తేడా ఉంది, అది మర్చిపోకు. పౌలు ఒక దారి, బర్నబా ఒక దారి వెళ్ళిపోగలిగారు, మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. అందుకని మరిది సంగతి తేలేదాకా ఆగకుండా కుటుంబ ప్రార్థన ఈరోజే మొదలుపెట్టండి. ఆ విషయం ప్రార్థనలో ఎత్తొద్దు ఇద్దరూ, ముఖ్యంగా ప్రభువా ఈమె మనసు మార్చు అని ఒకరి మీద ఒకరు ప్రార్థన చేసుకోవద్దు, అది ప్రార్థన పేరుతో దెబ్బలాట. ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదివి, పిల్లల చేత ప్రార్థన చేయించి పడుకోండి.

అతన్ని చూస్తే మండిపోతోంది అని రాసిన వాక్యం కొట్టేసి మళ్ళీ రాశావు, నాకు కనబడింది. యాకోబు, యోహాను సమరయ పల్లె వాళ్ళు చోటివ్వకపోతే ఆకాశం నుంచి అగ్ని రప్పించి కాల్చేద్దామా అని అడిగినవాళ్ళు. ప్రభువు గద్దించారు, ఇంకో పల్లెకి నడిచారు. తర్వాత కొన్నేళ్ళకి సమరయలో జనం నమ్మారని తెలిస్తే యెరూషలేము నుంచి పేతురుతో పాటు వెళ్ళి వాళ్ళ మీద చేతులుంచి ప్రార్థన చేసింది ఈ యోహానే, తిరిగొస్తూ చాలా సమరయ గ్రామాల్లో సువార్త చెప్పారని కూడా ఉంది. మంట ఉన్నంత మాత్రాన మనిషి పనికిరాకుండా పోదు, కాస్త టైం పడుతుంది అంతే.

మార్కు సంగతి ఎక్కడ తేలిందో కూడా చెప్తాను, నీ వాక్యానికి అదే ముఖ్యం. గొడవ జరిగింది క్రీ.శ. 49 ప్రాంతంలో అంటారు. తర్వాత నాలుగైదేళ్ళకి కొరింథీయులకి రాస్తూ పౌలు, నేనూ బర్నబా మాత్రం పని చేసుకుని బతకాలా అని బర్నబాని తనతో కలుపుకుని రాశాడు, అంటే మనసులో పగ పెట్టుకోలేదు. ఇంకొన్నాళ్ళకి కొలొస్సయులకి రాసేటప్పుడు మార్కు పౌలు పక్కనే ఉన్నాడు, అతను మీ దగ్గరికొస్తే చేర్చుకోండి అని చెప్తున్నాడు. చివరికి తిమోతికి రాసిన రెండో పత్రిక 4వ అధ్యాయం చూడు. చెరసాల్లో ఉన్నాడు, తోటి పనివాడు దేమా వదిలేసి థెస్సలొనీకకి వెళ్ళిపోయాడు, లూకా ఒక్కడే దగ్గరున్నాడు, చలికాలం వస్తోంది, త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ తెమ్మంటున్నాడు, పుస్తకాలు తెమ్మంటున్నాడు, చలికాలం రాకముందే రమ్మంటున్నాడు. ఆ మాటల మధ్యలోనే మార్కుని వెంటబెట్టుకుని రా, అతను నా పనికి బాగా ఉపయోగపడతాడు అంటాడు. పనికి రాలేదని ఎవణ్ణి వద్దన్నాడో అతనే పనికొస్తాడని రమ్మంటున్నాడు. ఆ ఉత్తరం ఎవరికి రాస్తున్నాడో కూడా చూడు, మార్కుని వద్దన్న ఆ ప్రయాణంలోనే లుస్త్రలో దొరికిన కుర్రాడు తిమోతికి.

మధ్యలో మార్కుని ఎవరు నిలబెట్టారు అంటే బర్నబా ఒకడు, పేతురు ఇంకొకడు. పేతురు తన మొదటి పత్రిక చివర్లో నా కుమారుడైన మార్కు అంటాడు. పేతురు చెప్పిన సంగతులే మార్కు రాసిపెట్టాడని పాపియ అనే తొలినాటి సంఘ పెద్ద చెప్పినట్టు చరిత్రలో ఉంది. మన చేతిలో ఉన్న మార్కు సువార్త అలా వచ్చిందన్నమాట, పారిపోవడం అంటే ఏంటో తనకీ తెలిసిన ఒక పెద్దాయన చెప్తుంటే పారిపోయిన ఒక కుర్రాడు రాసుకున్నాడు. పేతురు ఎరగనన్న రాత్రి సంగతి ఆ సువార్తలో ఏమాత్రం దాచకుండా ఉంది, చదువుకో, 14వ అధ్యాయం చివర.

అందుకని కూడికలో ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అని అడగొద్దు, ఈ మొహంతోనే చెప్పు. కానీ మీ ఇంటి సంగతి అక్కడ ఎత్తకు, సాక్ష్యం పేరుతో కూడా ఎత్తకు, మరిది పరువు, మీవారి పరువు రెండూ అందులో ఉన్నాయి. పన్నెండుమంది గుణాలూ చెప్పాలని చూడకు, గంటలో అవదు, పైగా చివర ఇద్దరు ముగ్గురి దగ్గరికి వచ్చేసరికి అందరూ గడియారం చూస్తుంటారు. పౌలు, బర్నబా, మార్కు చాలు. పాఠం మొదలెట్టే ముందు కార్యములు 15లో ఆ ఆరు వచనాలు ఒకరి చేత, రెండో తిమోతి 4వ అధ్యాయం 9 నుంచి 13 ఇంకొకరి చేత చదివించు. పంఫూలియ, థెస్సలొనీక, దల్మతియ లాంటి పేర్లు చాలా ఉన్నాయి వాటిల్లో, అక్కడికక్కడ ఇస్తే చదివేవాళ్ళు తడబడి సిగ్గుపడతారు, కాబట్టి ముందు ఆదివారమే చీటీ మీద రాసిచ్చి ఇంటి దగ్గర రెండుసార్లు చదువుకుని రమ్మని చెప్పు.